గేటు మూయించిన అవ్వ

పార్లమెంటు సభ్యుడి దగ్గర పీఏగా పనిచేశానని చెప్పగానే ఈ కాలం పిల్లలు ఢిల్లీ సంగతులు అడుగుతారు. పెద్ద పెద్ద నాయకులను దగ్గర నుంచి చూశారా, సభలో గొడవ జరిగేటప్పుడు మీరెక్కడ ఉండేవారు అని. చూశాను. గ్యాలరీలో కూర్చుని ఆవులించాను కూడా. కానీ ఆ ఉద్యోగంలో నాకు మిగిలిన జ్ఞాపకం ఢిల్లీది కాదు. కామారెడ్డికి దగ్గర్లో ఒక ఊళ్లో, రైలు పట్టాల కింద, ఛాతీ లోతు నీళ్లలో గడిచిన ఒక మధ్యాహ్నానిది. దేశమంతటికీ మంచిదని మా సారు లోక్‌సభలో కోరిన పని ఒకటి ఆ ఊరికి ఎలా వచ్చిందో, వచ్చి ఏం చేసిందో చెప్తాను. ఇప్పుడిప్పుడే ఇలాంటి ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్లకు పనికొస్తే సంతోషం.

నాది ఎల్లారెడ్డి. అక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాణ్ని. కంప్యూటర్లు వచ్చి నా మిషన్లు మూలన పడ్డ రోజుల్లో, కొత్తగా గెలిచిన మా సారు తెలుగూ ఇంగ్లిషూ తప్పుల్లేకుండా రాసే మనిషి కావాలని నన్ను పిలిపించారు. ఆ తరువాత నేను ఎంత పెద్ద కాగితాలు రాసినా జనం మాత్రం నన్ను 'టైపు సారు' అనే పిలిచారు. మా సారు రాజకీయాలు మానుకున్న రోజే నాకూ రిటైర్మెంట్ అయింది.

సభ జరిగినన్ని రోజులు ఢిల్లీ. లేనప్పుడు కామారెడ్డి ఆఫీసు, శనివారం ఎల్లారెడ్డిలో మకాం. ఎంపీ అంటే చట్టాలు చేసేవాడని పుస్తకాల్లో ఉంటుంది. మా వైపు మాత్రం చావుకు వచ్చినవాడే ఎంపీ. పెళ్లికి రాకపోతే జనం ఏదో ఢిల్లీ పనుండి ఉంటుందని సర్దుకుంటారు, చావుకు రాకపోతే ఐదేళ్లూ గుర్తుపెట్టుకుంటారు. సారుకు ఆ విషయం బాగా తెలుసు. కారు డిక్కీలో ఎప్పుడూ ఒక తెల్ల పంచె, తువ్వాలు ఉండేవి. పొద్దున మాచారెడ్డిలో ఒక ఇంటికి, మధ్యాహ్నం రామారెడ్డిలో ఇంకో ఇంటికి పరామర్శకు వెళ్లి, ఆ రాత్రే బడ్జెట్ మీద ప్రసంగానికి కూర్చున్న రోజులు ఎన్నో ఉన్నాయి.

రైలు విషయంలో మా నియోజకవర్గం రెండు రకాలు. ఎల్లారెడ్డికి రైలు లేదు. శనివారం మకాంలో ప్రతివాడూ రైలు తెప్పించమంటాడు. కామారెడ్డికి ఉంది. అక్కడి ఊళ్లవాళ్లు ఆ రైలు నుంచి మమ్మల్ని కాపాడమంటారు. సారు నవ్వుతూ అనేవారు, "ఎల్లారెడ్డోళ్లకు రైలు గావాలె, గీళ్లకేమో రైలుకెల్లి బయటపడాలె. నేనేమన్న గార్డునా?" అని.

నేను చెప్పే ఊరు పట్టాలకు ఇటుపక్క ఉంది. పొలాలు, శ్మశానం అటుపక్క. మధ్యలో కాపలా లేని గేటు. గేటంటే మాటవరసకే, అడ్డకర్ర కూడా ఉండేది కాదు. ఒక బోర్డు, చూసి దాటమని. పట్టాలు అక్కడ వంపు తిరుగుతాయి. ఒక చలికాలం పొద్దున, మంచు దట్టంగా ఉన్నప్పుడు, పాలక్యాన్లు కట్టుకుని బండి మీద దాటుతున్న ఒక యువకుడిని రైలు కొట్టింది. ఇంట్లో తల్లి, భార్య, చిన్న కూతురు. తండ్రి ఎప్పుడో పోయాడు.

పరామర్శకు వెళ్లాం. ఆ తల్లి ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, సారును చూసి ఒకటే అడిగింది.

"బాంచెన్ సారు, ఆ గేటు మూపియ్యున్రి. నా కొడుకెట్లగూ రాడు. ఇంకో తల్లి కొడుకన్న సల్లగుండాలె."

సారు మామూలుగా ఇలాంటి చోట "చూస్తానవ్వా" అని లేస్తారు. ఆ రోజు ఆమె చేతులు పట్టుకుని "మూపిస్త" అన్నారు. కారు కామారెడ్డి దగ్గరపడ్డాక, "ఏమయ్యా, ఒక్క గేటు మూస్తే ఏమైతది, దేశంల ఇసొంటి గేట్లు ఎన్నున్నయి" అన్నారు. ఆ రాత్రి నుంచే కాగితాల పని మొదలైంది. ప్రశ్నలు పంపాం. రైల్వే పద్దుల మీద చర్చలో సారు లేచి, కాపలా లేని గేటు దేశంలో ఒక్కటి కూడా ఉండకూడదని, వీలైన చోటల్లా కింద దారులు వేసి గేట్లు పూర్తిగా ఎత్తేయాలని కామారెడ్డి బజారు ఉర్దూలో గట్టిగా మాట్లాడారు. ఇటు వరసలోనూ అటు వరసలోనూ బల్లలు చరిచారు. కొన్నాళ్లకు అదే ప్రభుత్వ విధానం అయింది. మేం అడిగినందుకే అయిందని ఇక్కడ పత్రికల్లో రాయించుకున్నాం. నిజానికి అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ మేమూ అడిగాం, అది అబద్ధం కాదు.

ఆ ఊరికి అండర్ బ్రిడ్జి మంజూరైంది. ఎండాకాలంలో రైల్వే ఇంజనీరు స్థలం చూడటానికి వచ్చాడు. గేటు ఉన్నచోటే కింద తవ్వితే, దారి దిగడానికి ఎక్కడానికి రెండు వైపులా కొందరి పొలాలు పోతాయి. పొలాల వాళ్లు అప్పటికే తయారుగా ఉన్నారు. వాళ్లలో ఒకాయన దుబాయిలో పదేళ్లకు పైగా పనిచేసి వచ్చి ఆ డబ్బుతోనే పట్టాల పక్కన మడి కొన్నాడు. మంచి ఎత్తరి, మాట తక్కువ.

"ఎండల జెండలెక్క నిలవడి కొన్న భూమి సారు. ఒక్క గజం గూడ ఇయ్య" అన్నాడు.

ఊరి పెద్దలు కాసేపు గుసగుసలాడుకుని ఇంకో చోటు చూపించారు. గేటుకు కొద్ది దూరంలో ఒక ఒర్రె ఉంది. ఎవరి పట్టా కాదు. అక్కడ కడితే ఎవ్వరి గజం పోదు. ఇంజనీరు కొలిచి, కుదురుతుందన్నాడు. నేల అప్పటికే పల్లంగా ఉంది, తవ్వకం తగ్గుతుందని సంతోషించాడు కూడా. గ్రామసభ పెట్టారు. చేతులన్నీ లేచాయి. ఆ ఊళ్లో అంతకుముందు బోరు ఎక్కడ వేయాలో కూడా ఏకాభిప్రాయం కుదరలేదట. సారుకు పట్టలేని సంబరం. "ఊరంత ఒక్కమాట మీదికొచ్చిందంటే సూడు" అని వారం రోజులు కనబడిన ప్రతివాడికీ చెప్పారు.

ఒర్రె అంటే వాన నీళ్లు పోయే దారి అని ఆ సభలో తెలియనివాడు లేడు. తాతల నాటి నుంచి చూస్తున్నారు. కానీ ఎండాకాలం. ఒర్రెలో మేకలు పడుకుని ఉన్నాయి. ఎవరి భూమీ పోవడం లేదన్న ఆనందంలో ఆ ఒక్క మాట ఎవరి నోటా రాలేదు. ఇలాంటి తప్పు బయటివాళ్లు చేయలేరు, చేస్తే ఊరివాళ్లే ఆపేస్తారు. ఊరంతా కలిసి చేసిన తప్పును ఆపేవాళ్లు ఎక్కడుంటారు.

బ్రిడ్జి పూర్తయింది, సారు రిబ్బన్ కత్తిరించారు, గేటు దగ్గర కంచె పడింది. కొడుకు పోయినప్పటి నుంచి ఆ అవ్వ పట్టాల మీద కాలు పెట్టలేదు. పొలానికి పోవాలంటే టౌను వైపు పెద్ద బ్రిడ్జి దాకా నడిచి తిరిగి వచ్చేది. ఆ రోజు కొత్త దారిలో మొదట దిగింది ఆమే. మధ్యలో నిలబడి పైకి చూసి, గోడను చేత్తో నిమిరింది. అంతే, నడిచిపోయింది.

తరువాత వానలు పడ్డాయి.

మొదటి పెద్ద వానకే బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయి. పిల్లలు ఈతకు దిగారు. మేత నుంచి ఇంటికి వచ్చే బర్రెలు అందులో కూర్చుని లేవనంటే లేవనన్నాయి. పాలు పిండే వేళ దాటిపోయి ఆడవాళ్లు గట్టున నిలబడి తిట్టడం, అవి మెడ దాకా మునిగి కళ్లు మూసుకోవడం. చెప్పుకుని నవ్వుకోవచ్చు గానీ ట్రాక్టర్లు ఆగిపోయాయి, ఎరువు బస్తాలు ఇటే ఉండిపోయాయి. రైల్వేవాళ్లు మోటారు పెట్టారు. కరెంటు ఉన్నప్పుడు మోటారు నడిపే మనిషి ఉండడు, మనిషీ కరెంటూ ఉన్ననాడు వాన ఉండదు. జనం కంచె కత్తిరించి మళ్లీ పట్టాల మీది నుంచే దాటడం మొదలుపెట్టారు. ఇంతకుముందు బోర్డన్నా ఉండేది, ఇప్పుడు అదీ లేదు.

ఇంజనీరును పిలిపించాం. నీళ్లు ఊరి చెరువులోకి పోవాలంటే కాలువ తీయాలి, అది దుబాయి నుంచి వచ్చినాయన మడిలోంచే పోవాలి అన్నాడు. భూమిలోపల పైపులు వేసి పైన మన్ను కప్పేస్తామన్నాడు. మడి యజమాని ఒప్పుకోలేదు. మిషన్లు తిరిగితే మట్టి కిందిది మీదికి, మీదిది కిందికి అయిపోతుందని, మళ్లీ పంట రావడానికి ఏళ్లు పడుతుందని అన్నాడు. "నా భూమి పోవద్దనే గద గీడ కట్టిచ్చిన్రు. మళ్ల నా భూమే అడుగుతున్నరు" అన్నాడు.

ఊరి పెద్దలు కామారెడ్డి ఆఫీసుకు బండ్లు కట్టుకుని వచ్చారు. గేటు మళ్లీ తెరిపించాలి, కావాలంటే కాపలా మనిషిని పెట్టించాలి అన్నారు. ఎన్నికలకు రెండేళ్లు కూడా లేవు. సారు రైల్వే పెద్ద అధికారికి ఫోన్ చేశారు. ఆయన మర్యాదస్తుడు. మొత్తం విని, "సార్, గేట్లు ఎత్తేయాలని మీరు సభలో మాట్లాడింది మా దగ్గర ఉంది. చదవమంటారా?" అన్నాడు. సారు వద్దన్నారు. అయినా ఊళ్లోవాళ్ల మాట కాదనలేక, గేటు తెరవాలని ఒక ఉత్తరం తయారు చేయమన్నారు. చేశాను. సంతకం కోసం ఎల్లారెడ్డి మకాంకు తీసుకెళ్లాను.

ఆ శనివారం అవ్వ ఎల్లారెడ్డి వచ్చింది. కామారెడ్డిలో అయితే తమ ఊరి పెద్దలు ఉంటారని, ఇంత దూరం బస్సెక్కింది. ఎల్లారెడ్డివాళ్లు ఎప్పటిలాగే రైలు గురించి అడుగుతున్నారు. ఆమె వంతు వచ్చేదాకా బెంచీ మీద ఒదిగి కూర్చుని విన్నది. పక్కన ఒక పెద్దమనిషి, "మా ఊరికి రైలొస్తే సాలవ్వా, ఇంకేం వద్దు" అన్నాడు.

"రానీ కొడుకా. దాటే తావు ముందుగాల్ల సూస్కోన్రి" అంది.

సారు ముందు కూర్చున్నాక కూడా తొందరపడలేదు. కొంగుతో మొహం తుడుచుకుని మొదలుపెట్టింది.

"గేటు మళ్ల తెరుస్తున్నరట గద సారు."

"ఊరంత అడుగుతున్నదవ్వా. తొవ్వ లేదంటున్నరు. అబద్ధం గాదు గద."

"అబద్ధం గాదు. నన్ను దినాం తిడుతున్నరు. నీ కొడుకు పాయె, మా తొవ్వ గూడ వోగొడితివి అంటున్నరు. బాయికాడ, బస్టాండ్ కాడ, యాడబోతే ఆడ. నా కోడలు బీడీల కార్ఖానకు పోతె ఆమెను గూడ అంటున్నరు."

సారు ఏదో చెప్పబోయారు. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"తిట్టనీయ్. నేను పడుత. నీళ్లు తీపియ్యి సారు, గేటు తెర్వకు. మంచుల ఎవ్వల కొడుకు ఏ జాముల పోతడో నీకెర్కనా, నాకెర్కనా?"

సారు నా వైపు చూశారు. నా చేతిలో ఉత్తరం ఉంది. "అది పంపకయ్యా" అన్నారు. తరువాత ఆమెతో, "వచ్చే వానలకు నీళ్లు నిలవకుంట చేపిస్త" అని మాటిచ్చారు. ఆ ఊరి ఓట్లు పోయాయని నాకు అప్పుడే అర్థమైంది. ఆయనకు నాకంటే ముందే అర్థమై ఉంటుంది.

మాటివ్వడం ఒక పూట పని. ఆ ఏడాదంతా మేం మడి యజమాని ఇంటి చుట్టూ తిరిగాం. సారే స్వయంగా వెళ్లి ఆయన అరుగు మీద కూర్చున్నారు. చాయ్ ఇచ్చేవాడు, సారు ఆరోగ్యం అడిగేవాడు, భూమి మాట ఎత్తితే లేచి బర్రెకు గడ్డి వేసేవాడు. నాకు ఆయన మీద కోపం వచ్చేది. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, ఆయన స్థానంలో నేనున్నా ఇచ్చేవాణ్ని కాదేమో అనిపించేది. మళ్లీ వానలు వచ్చేశాయి. కాలువ కాలేదు.

ఆ వానల్లోనే అవ్వ పోయింది. జ్వరం, నాలుగు రోజులు మంచంలో ఉండి. కబురు అందేసరికి మేం రామారెడ్డిలో ఉన్నాం. సారు డిక్కీలోంచి పంచె తీసి కట్టుకున్నారు. మేం వెళ్లేసరికి పాడె లేచింది. పొద్దుటి దాకా కురిసిన వాన తెరిపిచ్చింది. డప్పులు ముందు, వెనక ఊరు. తిట్టిన ఊరే. ఒక్క ఇల్లు కూడా తక్కువ కాకుండా వచ్చింది. పాలివాళ్ల అబ్బాయి, దాయాదుల వరస, అగ్గికుండ పట్టుకున్నాడు. మా వైపు శ్మశానానికి పోయే దారి మధ్యలో దింపుడు కల్లం అని ఒక చోటు ఉంటుంది. అక్కడ పాడె దించి, దగ్గరివాళ్లు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనన్నా ఉంటే పలుకుతుందని. ఆ ఊరి దింపుడు కల్లం పట్టాలకు ఇటువైపే, పాత గేటు పక్కన.

పాడె దించారు. కొడుకు లేడు గనక ఎవరు పిలవాలా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగా కోడలు వచ్చి కూర్చుంది. బీడీలు చుట్టి చుట్టి వేళ్ల చివర్లు పసుపెక్కిన చేతులు. వంగి, "అత్తా" అని పిలిచింది. ఆగి మళ్లీ పిలిచింది. మూడోసారి గొంతు రాలేదు, పెదవులు మాత్రమే కదిలాయి. అక్కడున్న ఆడవాళ్లందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచడం ఎందుకు.

ఇక ముందుకు పోవాలి. అండర్ బ్రిడ్జిలో ఎర్రటి నీళ్లు గోడ సగం దాకా ఉన్నాయి. టౌను వైపు పెద్ద బ్రిడ్జి చుట్టు తిరిగితే పాడెతో చీకటి పడుతుంది, వాన మళ్లీ పట్టేలా ఉంది. ఇటు చూస్తే కంచెకు కంత, కంత అవతల పట్టాలు, పట్టాల అవతల శ్మశానం కనబడుతూనే ఉంది. నాలుగు అడుగులు వేస్తే అయిపోతుంది. పట్టాలు రెండు వైపులా ఖాళీగా ఉన్నాయి. పెద్దమనుషుల్లో ఒకాయన సారు దగ్గరికి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"సారూ, మీరు జెర గటు దిరిగి నిలవడున్రి. మేం గింతల్నె దాటిస్తం."

ఇందులో ఎగతాళి ఏమీ లేదు. ఆయన నిజంగా సారు పరువు గురించే ఆలోచించాడు. పట్టాలు దాటకూడదని ఢిల్లీలో మాట్లాడిన మనిషి ముందు దాటడం బాగుండదని. సారు ఏం చేయాలో తోచక నిలబడ్డారు. కాదంటే శవాన్ని నీళ్లలో ముంచమన్నట్టు. ఔనంటే, ఆ పాడె మీద ఉన్నది ఎవరు? నేను ఆయన మొహం చూశాను. మెల్లగా అటు తిరగబోతున్నారు. అదే కరెక్టని నాకూ అనిపించింది.

"మా అత్త పట్టాలు దాటది."

కోడలు లేచి నిలబడింది. గొంతు పెద్దగా ఏమీ లేదు.

"బిడ్డా, నీళ్లు మనిషి లోతున్నయి. పాడె తడుస్తది, కట్టె అంటుకోది" అన్నాడు పెద్దమనిషి.

"తడుస్తె తడుస్తది. కొడుకు వోయినకెల్లి ఆమె ఆ పట్టాల మీద కాలు వెట్టలే. ఇయ్యాల సచ్చిందని మోస్కపోయి దాటిస్తరా? నీళ్లలకెల్లే తీస్కపోన్రి. మీతోని గాకుంటే జెప్పున్రి, ఆడోళ్లం వడుతం."

సారు చెప్పులు విడిచారు. గడియారం, ఫోను, కళ్లద్దాలు తీసి నా చేతికిచ్చి, పంచె పైకి కట్టి పాడె దగ్గరికి వచ్చారు. "పట్టున్రి" అన్నారు. ఆయనకు షుగరు, మోకాళ్ల నొప్పి, వద్దనబోయి ఊరుకున్నాను. అప్పుడు జనంలోంచి దుబాయి నుంచి వచ్చినాయన ముందుకు వచ్చాడు. "పొడుగోళ్లు ముంగట ఉండాలె" అని ముందు కొమ్ము ఎత్తుకున్నాడు. ఆయన వెనకే ఊళ్లోని ఎత్తరులందరూ వచ్చారు.

నేను సామాన్లు నెత్తిన పట్టుకుని వెనక దిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి, అడుగున బురద. డప్పులవాళ్లు తడవకుండా డప్పులు తల మీద పెట్టుకున్నారు, చప్పుడు ఆగిపోయింది. అగ్గికుండ రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు పాలివాళ్ల అబ్బాయి. పాడెను తలల కంటే ఎత్తున పట్టుకుని ఒక్కొక్క అడుగే వేస్తున్నారు. మడి యజమానికే నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. సారుకు గడ్డం కిందికి. ఆడవాళ్లు ఒకరి చేయి ఒకరు పట్టుకుని, గోడ వారన మన్ను పేరుకున్న మెరక మీదుగా వరసగా దిగారు. సరిగ్గా బ్రిడ్జి నడుమ ఉన్నప్పుడు పైన రైలు వచ్చింది.

అది ఆ వేళకు రావలసిన రైలు కాదు. వానలకు ఎక్కడో ఆగి ఆలస్యమై వచ్చింది. అందరం ఉన్నచోటే ఆగిపోయాం. నెత్తి మీద సిమెంటు కదిలింది, నీళ్లు వణికాయి. రైలు పొడుగ్గా పోతూనే ఉంది. పైనుంచి దాటి ఉంటే ఏమయ్యేదని చాలామంది అడిగారు. బహుశా ఏమీ అయ్యేది కాదు. అప్పటికి దాటేసి ఉండేవాళ్లమేమో. ఏమో. ఆ లెక్క నేను వేయలేదు. చప్పుడు ఆగాక ముందు కొమ్ము పట్టిన మడి యజమాని "నడువున్రి" అన్నాడు. ఆ మనిషి గొంతు వణకడం నేను అదే మొదటిసారి విన్నాను.

కట్టెలు అంటుకోవడానికి కొంత సేపు పట్టింది, అంటుకున్నాయి. సారు తడి బట్టలతోనే కోడలి దగ్గరికి వెళ్లారు.

"మాటిచ్చిన బిడ్డా. చెయ్యలేకపోయిన."

"గేటు తెర్వలే గద సారు" అంది ఆమె.

తరువాతి సమావేశాల్లో సారుకు జీరో అవర్‌లో కాస్త సమయం దొరికింది. నేను రాసిచ్చిన కాగితం జేబులోనే ఉంచుకున్నారు. గేట్లు మూయమని అడిగినవాళ్లలో నేనొకణ్ని, మూయడం తప్పు కాదు, ఇప్పటికీ అదే అంటాను అన్నారు. కానీ కింద దారి వేసేటప్పుడు నీళ్లు ఎటు పోతాయో ముందు చూపించాలి, ఒక వానాకాలం చూశాకే గేటు మూయాలి, ఎండాకాలంలో కొలిచి మూయకూడదు అన్నారు. ఆ నీళ్లలో మీరెప్పుడైనా నిలబడ్డారా అని ఎవరో వెనక నుంచి అడిగారు. "నిలవడ్డ" అన్నారు తెలుగులోనే. ఇంకేదో చెప్పబోతుంటే గంట మోగింది, మైకు ఆగింది. పరిశీలిస్తామని జవాబు వచ్చింది. బల్లలు ఎవరూ చరచలేదు. నాకు మాత్రం మొదటి ప్రసంగం కంటే ఇదే పెద్దదనిపించింది.

మేం ఢిల్లీ నుంచి వచ్చాక ఒక రోజు మడి యజమాని కామారెడ్డి ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "యాసంగి కోతలైనంక పైపులు వెయ్యమను సారు. జెర లోతుగ వెయ్యమను, మళ్ల నాటేస్కుంట" అని చెప్పి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. మట్టి గురించి ఆయన చెప్పింది నిజమే. ఆ మడిలో పైపు వెళ్లిన బారునా రెండు మూడేళ్లు వరి పలచగా వచ్చింది.

ఎన్నికల్లో సారు ఓడిపోయారు. ఆ ఊళ్లో కూడా మాకు తక్కువే వచ్చాయి. మనసు కష్టపడలేదంటే అబద్ధం. ఈ ఉద్యోగాల్లోకి వచ్చే పిల్లలు ఇది తెలుసుకుంటే మంచిది, ఇక్కడ చేసిన పనికీ వచ్చే ఓట్లకూ చుట్టరికం ఉండదు. సారు మళ్లీ నిలబడలేదు. ఇప్పుడు పొద్దున నడకకు వెళ్తారు, నేను కలిస్తే షుగరు గురించి మాట్లాడతారు.

కిందటి వానాకాలం వేరే పని మీద ఆ ఊరి మీదుగా వెళ్తూ బ్రిడ్జి దగ్గర బండి ఆపాను. ముందురోజు పెద్ద వాన కొట్టినా కింద నీళ్లు నిలవలేదు. కోడలు గడ్డిమోపు ఎత్తుకుని అటు నుంచి వస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి మోపు గోడకు ఆనించి నిలబడింది. కూతురి పెళ్లయిందని, సారు ఎట్లున్నరని, మాట్లాడుకున్నాం. ఉండబట్టలేక అడిగాను.

"అమ్మా, ఆ రోజు తరువాత ఊళ్లోవాళ్లు మీ అత్తను ఎప్పుడైనా మంచిగ తలుచుకున్నారా? ఈ దారి ఆమెదే కదా."

ఆమె మోపులోంచి జారిన గడ్డిపోచలు లోపలికి దోపింది.

"ఏమో టైపు సారు, ఎవ్వలు అనంగ నేనినలే. గేటు మూసినకెల్లి మా ఊరోళ్లు పట్టాల మీద ఎవ్వలు సావలే. ఆమె అడిగింది గదే గద."

మోపు మళ్లీ నెత్తికెత్తుకోవడానికి చేయి సాయం పట్టాను. ఇంట్లో బర్రెకు పొద్దు పోతున్నదని చెప్పి, ఊరి వైపు నడిచి వెళ్లిపోయింది.